రేడియేటర్‌లో గౌరమ్మ

మృగశిర కార్తె దాటి వారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. పిట్టగూడ గుట్ట మీద జీపు ఆపి ఇంజన్ బంద్ చేశాను. వాన పడుతోంది. ఎదురుగా రెండు గదుల రేకుల దవాఖాన. పక్కన వెదురు తడికెల వంటగది. వెనక ఇనుప గొట్టానికి కట్టిన వైర్‌లెస్ తీగ. లోయ కనిపించలేదు. మబ్బు నా కాళ్ల కింద ఉంది.

నా సామాను ఒక ఇనుప పెట్టె, చుట్టిన దుప్పటి, రెయిన్‌కోటు, పానాల సంచి. పెట్టె అడుగున పాత నూలు గుడ్డలో మూటగట్టిన పసుపు ముద్ద, పిడికిలంత.

చేతిలో ఉత్తర్వు. మూడే వాక్యాలు. వానకాలం నాలుగు నెలలు గుట్ట మీది దవాఖాన జీపు నడపాలి. ప్రాణం మీదికి వచ్చిన రోగిని ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు చేర్చాలి. అనుమతి లేనిదే పోస్టు విడవరాదు. సైన్యంలో పదిహేడేళ్లు డ్రైవరుగా, బండ్ల మెకానిక్‌గా చేసి ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. అప్పుడు దొరికిన సర్కారు కొలువు ఇది.

అరుగు మీద ఇద్దరు నిలబడి చూస్తున్నారు. లావుపాటి మనిషి కాంపౌండర్. ఆదిలాబాద్ వాడు, తల్లి వైపు మరాఠీ వాళ్లు, అందుకే అందరినీ భావూ అంటాడు, అన్నా అని. సన్నగా చువ్వలా ఉన్నవాడు వైర్‌లెస్ ఆపరేటర్. పెద్దపల్లి వాడు. ముప్పై దాటిన వయసు, ఇంటి దగ్గర భార్య, ఇద్దరు పిల్లలు.

"అరే భావూ, గీ బండి నిజంగ గుట్టెక్కిందా? లేకుంటె నువ్వే నూకుకుంట వచ్చినవా?" అన్నాడు కాంపౌండర్.

"సగం అది, సగం నేను," అన్నాను.

"ముందుగాల చాయ్ తాగు ఫౌజీ అన్నా. ఫికర్ చెయ్యకు," అన్నాడు ఆపరేటర్. "ఈడ దుష్మన్ ఎవడు లేడు. దోమలే."

బడి పిల్లలూ, మీరు ప్రతి పంద్రాగస్టుకు నన్ను బడికి పిలుస్తారు. శాలువా కప్పుతారు. "సరిహద్దు ముచ్చట చెప్పు తాతా" అంటారు. మంచులో నడిపాను, ఇసుకలో నడిపాను. ముచ్చట్లు ఉన్నాయి. కానీ అక్కడ నట్టు అడిగితే నట్టు వచ్చేది. టైరు అడిగితే హెలికాప్టర్‌లో వచ్చేది. నేను చేసిన కష్టమైన డ్యూటీ ఇక్కడే, మా ఊరికి ఒక్క పూట ప్రయాణం దూరంలో. ముప్పై ఏళ్లు కావస్తోంది. దాని గురించి ఒక్కరూ అడగలేదు. తుపాకీ లేదు కాబట్టి అది డ్యూటీ కాదనుకుంటారు మీరు. అందుకే రాస్తున్నాను. చదివింది నాలుగో తరగతి. తక్కినదంతా బండ్ల మాన్యువళ్లు ముందు పెట్టుకొని నాకు నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకోండి, ముచ్చట మాత్రం వినండి.

పసుపు సంగతి ముందు చెప్పాలి.

మాది మెట్‌పల్లి పక్క పల్లె. పసుపు పండే నేల. నా భార్య పేరు రాజవ్వ. పెళ్లయిన మూడో నెలలో నేను పటాలానికి పోయాను. పదిహేడేళ్లలో ఒక్క సద్దుల బతుకమ్మకూ ఇంట్లో లేను. సెలవు ఎండాకాలం ఇచ్చేవారు, లేదా సంక్రాంతి తరవాత. మా ఊరి మగవాళ్లంతా తమ ఆడవాళ్లు బతుకమ్మ ఆడితే చూసినవాళ్లే. నేను చూడలేదు. ఇంటికి వచ్చిన ఏడాది కూడా పింఛను కాగితాల కోసం పట్నంలో చిక్కుకుపోయాను.

గుట్టకు బయల్దేరిన పొద్దున రాజవ్వ నా పెట్టె సర్దింది.

"గీసారి దగ్గర్నే. ఆదిలాబాదే," అన్నాను.

"ఇంట్ల లేనోడు ఆదిలాబాద్‌ల ఉంటేంది, ఆకాశంల ఉంటేంది," అంది. తరవాత ఆ మూట చూపించింది. "గిది పోయిన బతుకమ్మ గౌరమ్మ. నీ పెట్టెల ఉండనీ, నిన్ను కాస్తది. సద్దుల నాటికి నువ్వే తెచ్చి నా చేతుల పెట్టాలె. గిదే పుస్తెలకు రాసుకుంట. తేకుంట వస్తివో, తలుపు తియ్య."

"తెస్త," అన్నాను.

బయటి వాళ్ల కోసం ఒక మాట. పూలు పేర్చిన బతుకమ్మ మీద పసుపు ముద్దతో గౌరమ్మను చేసి నిలుపుతారు. ఆట అయిపోయాక ఆ పసుపును పెళ్లయిన ఆడవాళ్లు పుస్తెలకు రాసుకుంటారు, మొగుడు చల్లగా ఉండాలని. రాజవ్వ పదిహేడేళ్లు అలా రాసుకుంది, మొగుడు ఏ దిక్కున ఉన్నాడో తెలియకుండా.

గుట్ట మీద దినచర్య ఇది. ఐదున్నరకు లేవడం. ఆరింటికి జీపు చూసుకోవడం. ఏడింటికి వైర్‌లెస్‌లో ఆదిలాబాద్‌కు మాట. తరవాత రోగులు. జ్వరాలు, విరేచనాలు, ఎలుగుబంటి గీరినవాళ్లు. నాలుగు గూడేల వాళ్లు వచ్చేవారు. గుట్ట నుంచి తొమ్మిది కిలోమీటర్లు మట్టి ఘాటు, కొండ మలుపుల దారి, దిగాలి. అడుగున వాగు. దాటాక ఐదు కిలోమీటర్లు మళ్లీ ఎక్కుడు. ఆ మీదట తారు రోడ్డు. ఆదిలాబాద్‌కు మొత్తం అరవై రెండు కిలోమీటర్లు. వాన లేకపోతే రెండు గంటలు.

భాద్రపదం మొదట్లో ఒక రోజు, పొద్దున ఆరింటికి, జీపు కింద నేల చూశాను. బండి కంటే ముందు బండి కింది నేల చూడాలి. నల్ల చుక్కయితే ఇంజన్ ఆయిల్. ఆ రోజు ఆకుపచ్చ చుక్కలు, నాలుగు. వేలితో అద్ది వాసన చూశాను. తియ్యటి వాసన. కూలెంట్.

ఇంజన్ కడుపులో మంట మండుతుంది. ఆ వేడిని నీళ్లు రేడియేటర్‌కు మోసుకుపోతాయి. అక్కడ సన్నటి గొట్టాల్లో దిగుతూ గాలికి చల్లారి మళ్లీ ఇంజన్‌లోకి వస్తాయి. ఆ నీళ్లలో కలిపే పచ్చ మందు కూలెంట్. నీళ్లు తగ్గితే ఇంజన్‌కు జ్వరం. పూర్తిగా పోతే పిస్టన్లు పట్టేస్తాయి, బండి చచ్చిపోతుంది. ఇది ఇరవై ఏళ్ల పాత బండి. నాకంటే ఎక్కువ దెబ్బలు తిన్నది.

బండి కింద పడుకుని చూశాను. రేడియేటర్ అడుగు నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర పగిలింది. క్లిప్పు విప్పి, పగిలిన అంగుళం కోసేసి, మిగిలినదాన్ని లాగి బిగించాను. మీద సైకిల్ ట్యూబు పట్టీ ఏడు చుట్లు చుట్టి రాగి తీగతో కట్టాను. చుక్క ఆగింది. కానీ రేడియేటర్ కింది అతుకు మీద తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంది. అది నాకు నచ్చలేదు. అక్కడ టంకం వదులుతోంది. నా దగ్గర టంకం సామాను లేదు.

స్టోరుకు ఇండెంట్, అంటే సామాను కావాలన్న కాగితం, పంపాను. గొట్టం ఒకటి, క్లిప్పులు రెండు, రేడియేటర్‌కు టంకం. పది రోజులకు జవాబు వచ్చింది, మూడు నకళ్లు పంపమని. పంపాను. మళ్లీ జవాబు వచ్చింది. ఆపరేటర్ చెవులకు పెట్టుకున్నవి తీసి, నా వైపు తిరిగి చెప్పాడు, వైర్‌లెస్‌లో తన మాట అయిపోయిందని అనే ఓవర్‌తో సహా.

"అన్నా, పాత గొట్టం పంపితేనే కొత్తది ఇస్తరట. ఓవర్."

"పాతది ఊడపీకి పంపితే బండి దేంతోటి నడువాలె, వాళ్ల నెత్తితోటా?"

"గా మాట చెప్పమంటవా? ఓవర్."

"నా ఎదురుంగ కూసోని ఓవర్ ఏందిరా?"

"అలవాటైంది అన్నా. ఇంటికి పోయినా మా ఆమెతోటి గట్లనే అంట. ఆమె మాత్రం ఎన్నడు ఓవర్ అనది."

ఎట్టకేలకు బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, ఉత్తర్వు వచ్చింది. తొమ్మిదో రోజు, సద్దుల నాడు, జీపును ఆదిలాబాద్ స్టోరుకు తేవాలి. బాగు చేసే మూడు రోజులూ డ్రైవరుకు సెలవు. నేను ఆ కాగితాన్ని నాలుగు సార్లు చదివాను. లెక్క వేసుకున్నాను. గుట్ట మీద ఏడింటికి బయల్దేరితే తొమ్మిదింటికి ఆదిలాబాద్. తొమ్మిదిన్నర బస్సు. నిర్మల్, ఆర్మూరు, మెట్‌పల్లి. మూడింటికల్లా ఇల్లు. బతుకమ్మ ఎత్తుకునేది పొద్దు గూకేటప్పుడు. ఇంకా మూడు గంటలు మిగులుతాయి. రాజవ్వ పక్కన కూర్చుని పువ్వులు అందించవచ్చు.

ఆ ఎనిమిది రోజులూ ఆపరేటర్ నన్ను వదల్లేదు.

"సూడు భావూ, ఫౌజీ మొఖం ఎట్ల ఎలుగుతుందో," అంటాడు కాంపౌండర్‌తో. "మీసాలకు నూనె గూడ పెట్టిండు."

"కొత్త పెండ్లికొడుకు," అంటాడు కాంపౌండర్. "బస్, గుర్రమొక్కటే తక్కువ."

ఎనిమిదో రోజు సాయంత్రం ఆపరేటర్ చెవులకు పెట్టుకున్నవి తీసి పక్కన పెట్టాడు. వాడికి సెలవు లేదు. "మా ఆమె గూడ ఈపాటికి తంగేడు తెచ్చుకుంటుండొచ్చు," అన్నాడు. తరవాత తనే నవ్వాడు. "అన్నా, వదినకు గుట్టమీది గునుగు నేను పంపుత. మన దిక్కు గింత పొడుగు గునుగు ఏడున్నది? పువ్వులు సూసి నీ పదిహేడేండ్ల తప్పు మాఫ్ చేస్తది."

తొమ్మిదో రోజు. పొద్దున ఆరూ ఇరవై అయిదు. వాన లేదు. నేను జీపులో నీళ్లు చూస్తున్నాను. ఆపరేటర్ వెనక వాలు దిగి పువ్వులకు పోయాడు. ఒక కేక వినిపించింది. ఒక్కటే.

వాడే నడుచుకుంటూ వచ్చాడు. భుజం మీద గోనెసంచి. సంచి నిండా తంగేడు, గునుగు. కింద పెట్టలేదు.

"అన్నా, కరిశింది," అన్నాడు.

"ఏంది?"

"రక్తపింజర. గునుగు మొదట్ల పండుకున్నది."

ఎడమ చీలమండ పైన రెండు గాట్లు. అప్పటికే వాపు. కాంపౌండర్ పరుగున వచ్చి వాణ్ణి మంచం మీద పడుకోబెట్టాడు.

"నడుసుకుంట ఎందుకచ్చినవ్ రా పాగల్! ఇసం పైకి ఎక్కదా?"

"మరి ఎగిరి రావాల్నా?"

కాలు కదలకుండా వెదురు బద్ద పెట్టి కట్టాడు కాంపౌండర్. విరుగుడు సూది మా దగ్గర లేదు. దానికి చల్లటి పెట్టె కావాలి. మా పెట్టె ఆషాఢంలోనే చెడిపోయింది. దాని ఇండెంటూ నా ఇండెంటు పక్కనే ఎక్కడో పడుకుని ఉంది.

ఆదిలాబాద్‌కు ముందే చెప్పాలి. సెట్టు నడపడం వచ్చినవాడు మంచం మీద ఉన్నాడు. కాంపౌండర్ పెద్ద చేతులతో మైకు పట్టుకున్నాడు.

"హలో! హలో! వినిపిస్తుందా?"

"ఒత్తి మాట్లాడు, ఇడిచిపెట్టి విను," అన్నాడు ఆపరేటర్ మంచం మీంచి. "ముందుగాల గుట్ట అని చెప్పు. ఆఖర్ల ఓవర్ అను."

"గుట్ట నుంచి ఆదిలాబాద్. పాము కాటు. రక్తపింజర. మనిషిని తెస్తున్నం. సూది తయారుంచుండ్రి. ఓవర్." మీట వదిలి విన్నాడు, మళ్లీ ఒత్తాడు. "ఎవలని అడుగుతున్నరు. మా ఆపరేటరే. ఓవర్."

ఆరూ నలభై అయిదుకు కదిలాం. వెనక బెంచీ మీద ఆపరేటర్, పక్కన కాంపౌండర్, కాళ్ల దగ్గర పువ్వుల సంచి, నా పెట్టె. ఘాటు మొదటి గేరులో దిగాను. వాగులో నీళ్లు ఇరుసు దాకా ఉన్నాయి. మధ్యలో ముందు చక్రం రాయి ఎక్కి దబ్బున దిగింది. బండి మొత్తం మోగింది. ఏడూ ముప్పై అయిదుకు అవతలి ఒడ్డు.

ఎక్కుడు మొదలైంది. రెండో కిలోమీటరులో వేడి ముల్లు లేచింది. మూడో కిలోమీటరులో ఎర్ర గీత తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఏడూ నలభై ఎనిమిదికి ఆపేశాను. చక్రం వెనక రాయి పెట్టాను.

రబ్బరు గొట్టం బాగానే ఉంది. సైకిల్ ట్యూబు పట్టీ చెక్కుచెదరలేదు. పోయింది రేడియేటర్ కింది అతుకు. వాగులో తిన్న దెబ్బకు టంకం చిట్లింది. సూది మొనంత రెండు రంధ్రాలు. వాటిలోంచి దారాల్లా నీళ్లు కారుతున్నాయి.

"నీళ్లు పోసి పోదాం పా," అన్నాడు కాంపౌండర్.

"ఇప్పుడు మూత తీస్తే నీ మొఖం ఉడుకుతది. ఎర్రగ కాలిన ఇంజన్‌ల సల్లనీళ్లు పోస్తే ఇనుము పగులుతది. ఆగు."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

ఆ ఇరవై నిమిషాలు. నా బతుకులో గడియారం అంత నెమ్మదిగా ఎన్నడూ నడవలేదు. ఆపరేటర్ వాపు మోకాలి దాకా వచ్చింది. ఉమ్మితే ఎర్రగా వచ్చింది.

ఎనిమిదీ పదికి గోనెసంచిలోని పువ్వులు బెంచీ కింద కుమ్మరించి, సంచి తడిపి మూత మీద కప్పాను. పావు తిప్పు తిప్పి, ఆవిరి పోనిచ్చి, తీశాను. లోపల నీళ్లు సగానికి పడిపోయాయి. రంధ్రాల మీద బట్టల సబ్బు అరగదీసి దట్టించాను. క్యానులోని నీళ్లు కొద్దిగా పోసి ఇంజన్ లేపాను. నీటి ఒత్తిడికి సబ్బు కరిగి జారిపోయింది. మళ్లీ రెండు దారాలు.

ఎక్కుడు ఇంకా రెండు కిలోమీటర్లు. తారు రోడ్డు నలభై ఎనిమిది. నా దగ్గర రెండు క్యానుల నీళ్లు. అలా కారితే పది కిలోమీటర్లు కూడా పోదు.

"లారీలోళ్లు పసుపు పోస్తరు," అన్నాడు కాంపౌండర్. "నేను సూసిన. నీళ్లల్ల ఉబ్బి లోపట్నుంచి సందులు మూస్తది. వంటింట్ల డబ్బా నిండ ఉండె."

"వంటిల్లు గుట్టమీద ఉన్నది."

నాకు తెలియదా? పటాలంలో నేనే రెండుసార్లు పోశాను. బండి ఆగిన క్షణం నుంచి నా తలలో ఉన్నది అదే. నేను పెట్టె వైపు చూడకుండా ఉండటానికి సబ్బు అరగదీశాను. అంతే.

పెట్టె తెరిచాను. అడుగు నుంచి మూట తీశాను. వెనక నుంచి గొంతు వచ్చింది.

"అన్నా, వద్దు. గది వదినది."

వాడికి ఎప్పుడో చెప్పాను, వానలో చాయ్ తాగుతూ.

"నువ్వు మాట్లాడకు. పండుకో," అన్నాను.

మూట విప్పి బానెట్ మీద పెట్టి సుత్తి పిడితో దంచాను. ఏడాది ఎండిన ముద్ద. రాయిలా ఉంది. పగిలినప్పుడు వాసన లేచింది. ఆవిరి వాసన, కాలిన రబ్బరు వాసన, అన్నింటినీ తోసి మా ఇంటి వాసన. అందులో ఎండిన పూరేకు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాను. కాంపౌండర్ చెప్పులు విప్పి పక్కన పెట్టి, నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను చెప్పలేదు. నా బూట్లు నేను విప్పలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మగ్గులో నీళ్లతో పలచగా కలిపాను. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా కొద్దికొద్దిగా పోశాను. మగ్గు అంచుకు అంటిన పసుపును వేళ్లతో తుడిచి అదీ వేశాను. మూత మొదటి గాటు దాకానే బిగించాను. పూర్తిగా బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి మళ్లీ తన్నుకొస్తుంది. బండి కింద పడుకున్నాను.

దారాలు పసుపు దారాలయ్యాయి. తరవాత చుక్కలయ్యాయి. లెక్కపెట్టాను. రెండు లెక్కపెట్టేసరికి ఒక చుక్క. అయిదుకు ఒకటి. పన్నెండుకు ఒకటి. అక్కడ నిలిచింది.

దీనికే నాకు తరవాత మెమో వచ్చింది. "సర్కారు వాహనములో అనుమతి లేని పదార్థము వేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను." రేడియేటర్ గొట్టాలు సగం పూడిపోయాయట. పూడవా మరి! నేను ఒకే వాక్యం రాసి పంపాను. "నేను అడిగిన పదార్థము మీరు ఇవ్వనందున." మళ్లీ జవాబు రాలేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకు బయల్దేరాం. తారు ఎక్కాక పై గేరులో, ఇంజన్‌ను అరవనీయకుండా, గంటకు ముప్పై అయిదు. రెండుచోట్ల ఆగి నీళ్లు పోశాను. అద్దంలో చూస్తే నల్లటి తడి రోడ్డు మీద మా వెనక పసుపు చుక్కలు, దూరం దూరంగా. కాంపౌండర్ ఆపరేటర్‌ను నిద్రపోనీయకుండా మాట్లాడిస్తున్నాడు.

"నీ పిలగాండ్ల పేర్లు చెప్పు."

చెప్పాడు.

"మల్ల చెప్పు."

"నీకు ఎన్నిసార్లు చెప్పాలె భావూ. రాసుకో."

పదీ ఇరవైకి పెద్ద దవాఖాన గేటు. సూది సిద్ధంగా ఉంది. గుట్ట నుంచి పోయిన మాట చేరింది. డాక్టరమ్మ రక్తం తీసి గాజు గొట్టంలో పోసి పెట్టింది. ఇరవై నిమిషాలు చూసింది. గడ్డ కట్టలేదు, విషం ఇంకా పని చేస్తోందన్నమాట.

"రక్తం ఎక్కించాలి. ఎవరైనా ఇస్తారా?" అంది.

నాది సరిపోయింది. ఇచ్చాను. లేచేసరికి పన్నెండు. పన్నెండున్నరకు నిర్మల్ బస్సు. అది పట్టుకుంటే ఆరింటికి ఇంటి దగ్గర దిగుతాను. బతుకమ్మ అప్పటికి చెరువుకు పోయి ఉండదు.

"పో ఫౌజీ," అన్నాడు కాంపౌండర్. "నేనున్న గదా. పో."

డాక్టరమ్మను అడిగాను. "సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను," అంది.

పెద్దపల్లికి కబురు పోయింది కానీ వాడి ఇంటివాళ్లు వచ్చేసరికి తెల్లారుతుంది. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. వాడు పోయింది నా ఇంటి పువ్వులకు. నేను బస్టాండు దాకా నడిచాను. బస్సు చూశాను. కిటికీ పక్క సీటు ఖాళీ ఉంది. కండక్టర్ "ఎక్కుతవా పెద్దమనిషీ?" అన్నాడు. బస్సు కదిలేదాకా నిలబడి, వెనక్కి వచ్చేశాను. దీన్ని త్యాగం అనకండి. నాకు కోపం వస్తుంది. కాళ్లు ఎక్కలేదు, అంతే.

మూడు గంటలకు జీపులోంచి పువ్వులు తీశాను. వాడిపోతున్నాయి. వరండా ఊడ్చే ఆయమ్మ ఒక మూల తాంబాలం పెట్టుకుని బతుకమ్మ పేరుస్తోంది. పని నడుమ తంగేడు దొరికింది గానీ గునుగు చాలలేదు. మొత్తం ఆమె ముందు పోశాను.

"గిన్ని పువ్వులా! నీకొద్దా అన్నా?"

"ఇంటికి తీస్కపోదామనుకున్న. ఇగ చేరయి."

ఆమె నా చొక్కా మీది పసుపు మరకలు చూసింది, చేతి మీది దూది చూసింది. "మీ ఆమె పేరేంది?" అంది.

"రాజవ్వ."

"రాజవ్వ పేరు మీద ఒక సుట్టు తిరుగుత తియ్యి."

అయిదింటికి దవాఖాన వెనక వాడలో ఆట మొదలైంది. చప్పట్లు వినిపించాయి. పాట వినిపించింది, మాటలు అందలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. పదిహేడేళ్లు మంచులో, ఇసుకలో వినాలనుకున్న చప్పుడు అది. వేరేవాళ్ల వాడలో, వేరేవాళ్ల ఆడవాళ్ల చేతుల్లో. గుండ్రంగా తిరిగే ఆ చీరల్లో ఏది రాజవ్వ పేరు మీద తిరిగిన చుట్టో నేను పోల్చుకోలేకపోయాను.

ఆరుకు ఇరవై తక్కువకు డాక్టరమ్మ గాజు గొట్టం వంచి చూపించింది. రక్తం జారలేదు. గడ్డ కట్టింది.

"బతికాడు," అంది.

నేను ఆపరేటర్ మంచం దగ్గరికి పోయాను. వాడు కళ్లు తెరిచి నన్ను చూసి మొహం చిట్లించాడు.

"పోలేదా అన్నా?"

"బస్సు నిండ ఉండె."

"అబద్ధం," అన్నాడు. కళ్లు మూసుకుని, "ఓవర్," అన్నాడు. కాంపౌండర్ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సు ఎక్కాను. ఉదయం అయిదు గంటలు. సోన్ వంతెన మీద బస్సు గోదావరి దాటుతుంటే కిందికి చూశాను. రాత్రి వదిలిన బతుకమ్మలు ఇంకా తేలుతున్నాయి. కొన్ని విడిపోయి పూల చారలుగా మిగిలాయి. బస్సులోంచి నేను చూసిన బతుకమ్మ అదీ.

తరవాతి సంవత్సరం నుంచి ఇంట్లోనే ఉన్నాను. ప్రతి సద్దులకూ అరుగు మీద కూర్చుని చూశాను. రాజవ్వ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు గుట్ట మీదికి తారు రోడ్డు ఉందట, ఫోన్ టవర్ ఉందట. నా పాత మోటరు కారు నుంచి ఆకుపచ్చ చుక్కలు పడితే మెకానిక్ పిలగాడు నేల చూడడు, ఏదో మిషన్ పెట్టి చూస్తాడు, చూసి "ఇంజన్ మొత్తం మార్చాలె తాతా" అంటాడు. వాణ్ణి పొమ్మని నేనే బండి కింద పడుకుంటాను. ఆపరేటర్ పెద్దపల్లిలో మనవలతో ఉన్నాడు. కాలు కొద్దిగా కుంటుతాడు. సద్దుల నాడు తప్పకుండా ఫోన్ చేస్తాడు. పెట్టేసే ముందు ఇప్పటికీ ఓవర్ అంటాడు.

కానీ మీకు చెప్పాలనుకున్నది ఆ మర్నాటి పొద్దున సంగతి.

పదీ నలభైకి ఇంటి ముందు దిగాను. తలుపు వేసి ఉంది. లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు నేను వాకిట్లోకి రాగానే వినిపించింది.

"రాజవ్వా."

"గౌరమ్మను తెచ్చినవా?"

ఖాళీ నూలు గుడ్డ చేతిలో ఉంది. తలుపుకు చెప్పినట్టు చెప్పాను. వాడు పువ్వులకు పోవడం, పాము, వాగులో రాయి, రెండు రంధ్రాలు. వంటింట్లో పసుపు ఉండిపోవడం. బూట్లు విప్పకపోవడం కూడా చెప్పాను. ఆయమ్మ తిరిగిన చుట్టు చెప్పాను.

"మనిషి బతికిండా?"

"బతికిండు."

గొళ్లెం తీసింది. గడప వెనక సత్తు పళ్లెంలో చిన్న బతుకమ్మ ఒకటి. పెద్దదానితో పాటు చెరువులో వదలకుండా నాకు చూపించడానికి దాచింది. తంగేడు రాలిపోయింది. గునుగు తల వాల్చింది. జేబులోంచి ఆ ఎండిన రేకు తీసి దాని మీద పెట్టాను.

రాజవ్వ నా చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. ఎంత కడిగినా పోలేదు. వేళ్లు పచ్చగా, గోళ్లలో పసుపూ గ్రీజూ కలిసి నల్లగా.

"పసుపు చేతులతోటి వచ్చినవ్. ఏ గుట్టమీద ఎవల్ని చేసుకున్నవ్?" అంది.

నాకు నవ్వు రాలేదు. ఆమె కళ్లు నవ్వుతున్నాయి, తడిగా ఉన్నాయి. తలలోంచి పిన్ను తీసింది. అక్కడే గడప మీద కూర్చుని, నా చేయి ఒడిలో పెట్టుకుని, ఒక్కొక్క గోటి కింది నుంచి ఆ మురికి పసుపును గీరి తన ఎడమ అరచేతిలో వేసుకుంది. పది గోళ్లూ. ఆవగింజంత వచ్చింది. ఇంజన్ వాసన వేస్తోంది.

కొంగు తీసి, పుస్తెలు బయటికి లాగి, ఒకదాని తరవాత ఒకటి, వాటికి రాసుకుంది.